వెండ్రుక గాలము: కట్టు విధము, సర్దు విధము

చెరువులోని రవ్వకును, ఎర్రమోసునకును, బంగారుతీగకును నోరు గలదు గాని దవడలలో పండ్లు లేవు. వాని పండ్లు గొంతులో నుండును. ఈ చిన్న సంగతిని మనసున నుంచుకొన్నవారికి నేటి పాఠమంతయు సులభముగా బోధపడును.

ముందు పండ్లు లేని చేప కొరికి తినదు, పీల్చి తినును. ఎర యెదుటికి వచ్చి, పెదవులను గొట్టమువలె ముందునకు చాచి, నీటితో కూడ ఎరను లోనికి లాగుకొనును. అంగిటిలోని మెత్తని కండతో దానిని పరీక్షించును. మేత యైనచో గొంతునకు పంపి అక్కడ నమలును. రాయియో, పుల్లయో, ఇనుమో తగిలినచో వెంటనే నీటితో పాటు బయటికి ఊదివేయును. అడుగు బురదలో మేత వెదకుకొను చేపకు ఈ పీల్చుటయు ఊదుటయు దినమంతయు జరుగు పనియే.

ఇప్పుడు మనము సాధారణముగా వేయు గాలమును చూడుడు. తవుడు ముద్దనో, వానపామునో గాలపు మొనకు గ్రుచ్చి విడుతుము. కొర్రమీను, వాలుగ, జెల్ల మొదలగు పెద్దనోటి చేపలు దానిని ఆబగా మ్రింగును గాన వానికి ఆ పద్ధతి చాలును. రవ్వ జాతి చేప అట్లు చేయదు. ఎరలో ఇనుము తగులగానే ఊదివేయును. బెండు రెండు మారులు కదలి ఊరకుండుట, లాగి చూడగా బోడి గాలము వచ్చుట అందరు ఎరిగినదే. మిక్కిలి ఆకలిగొన్న చేప గాని, అనుభవము లేని చిన్న చేప గాని ఊదక మ్రింగివేయును. అప్పుడు గాలము గొంతులో దిగును. దానిని తీయుటకు గొంతు చీల్చవలసి వచ్చును. అట్టి చిన్న చేపను తిరిగి నీటిలో విడిచినను బ్రదుకుట అరుదు.

చిన్న చేప చచ్చిన నష్టమెవరికి?

రవ్వ, బొచ్చె, ఎర్రమోసు అను మూడు జాతులును పారు నదులలో వరదకాలమున గ్రుడ్లు పెట్టును గాని నిలువ నీటి చెరువులలో పెట్టవు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి గారు, చేప మెదడు క్రిందనుండు చిన్న గ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండియే చేప విత్తనము విరివిగా దొరకుచున్నది. మన తెలంగాణలో 2016లో చెరువులలో చేప పిల్లలను ఉచితముగా విడుచు పథకమును ప్రభుత్వము ఆరంభించినది. అయినను విత్తనము ఎవరి ఖర్చున వచ్చినను, మన చెరువులోని ప్రతి రవ్వయు ఎవరో తెచ్చి విడిచినదే. చిన్నదిగా చచ్చిన చేపకు మారు చెరువు తనంతట తాను మరియొక దానిని పుట్టించి ఇయ్యదు. పైరులో మొలకను త్రొక్కివేసినట్లే యగును. మంచి మేత గల నీటిలో సంవత్సరమునకు ఇంచుమించు ఒక కిలో తూగవలసిన చేప పావుకిలోనాడే పోయినచో ఆ నష్టము సంఘమునదే.

కావున మనకు కావలసిన గాలము రెండు గుణములు గలదిగా నుండవలెను. ఒకటి, ఊదు చేపను తప్పిపోనీయక పట్టవలెను. రెండు, పెదవికే తగిలి, చిన్న చేపను బ్రదికియుండగనే విడుచుటకు వీలు కలిగింపవలెను. ఈ రెండు గుణములును వెండ్రుక గాలమునందున్నవి.

ఈ గాలము పుట్టుక

గాలపు వేట మన దక్షిణదేశమునకు క్రొత్త కాదు. కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. ఏ చేపకు ఏ మేత తగునో, దారము, గడ ఎట్లుండవలెనో అందు చెప్పబడినది. అయితే నేడు మనము నేర్చుకొను కట్టు ఇంగ్లండు దేశమున 1980 ప్రాంతమున వెలసినది. లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అను ఇద్దరు గాలపువేటగాండ్రు, గాజుతొట్టిలో చేపలు మేయు తీరును కనిపెట్టి చూచిరి. ఎరను గాలమునకు గ్రుచ్చక, నిజమైన తలవెండ్రుకతో గాలము ప్రక్కన వ్రేలాడగట్టిరి. చేప ఎరను పీల్చగా దాని వెంట గాలము కూడ లోనికి పోయెను. ఊదినపుడు ఎర ముందుగా వెలికి వచ్చుచుండగా గాలపు మొన పెదవిలో దిగెను. తరువాత వెండ్రుకకు బదులు సన్నని దారము వాడుకలోనికి వచ్చినను పేరు మాత్రము వెండ్రుక గాలమనియే నిలిచినది.

వారు పరీక్షించిన చేప మన బంగారుతీగయే. ఈ జాతిలో ఒక రకము 1939లో సింహళమునుండి నీలగిరులకు వచ్చినది. మరియొక రకము 1957లో బ్యాంకాకునుండి వచ్చి మైదానపు చెరువులలో వ్యాపించినది. కావున అక్కడ పనిచేసిన ఉపాయము పాలేరు, వైరా చెరువులలోను, భద్రాచలము అడవి అంచు గ్రామముల కుంటలలోను పనిచేయకపోవుటకు కారణము లేదు. రవ్వయు, ఎర్రమోసును అదేవిధముగా పీల్చి తినునవే. బొచ్చె మాత్రము నోరు పైకి తిరిగియుండి నీటి పైభాగమున మేయునది గాన, అడుగున ఉంచు ఈ గాలమునకు అది తరచుగా రాదు.

కావలసిన వస్తువులు

1. 6వ నెంబరు లేక 8వ నెంబరు గాలము. నెంబరు పెరిగినకొలది గాలము చిన్నదగునని మరువకుడు. మొన దగ్గరనుండు ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి అణచివేయవలెను.

2. అల్లిక నైలాను దారము ఒక మూరెడు. అది దొరకనిచో చెప్పులు కుట్టు సన్నని నైలాను దారము చాలును. వంగని మొద్దు దారము పనికిరాదు.

3. సైకిలు వాల్వు ట్యూబు. దానినుండి 3 మిల్లీమీటర్ల ముక్కలు కోసి ఉంచుకొనవలెను.

4. నడుమ రంధ్రము గల సీసపు గుండు, 50 నుండి 70 గ్రాములది. స్వివెల్ అని అంగళ్లలో పిలుచు తిరుగుడు కడియము ఒకటి.

5. పెద్ద కుట్టుసూది. దాని బెజ్జమును ఒక ప్రక్క ఆకురాయితో అరగదీసి తెరచినచో చిన్న కొక్కెమగును. గింజలోనుండి దారమును లాగుటకు అది కావలెను.

6. చీపురు ఈనెలు కొన్ని.

కట్టు విధము

మొదట దారము కొనను మడచి, చిటికెనవ్రేలి గోరంత ఉచ్చు వేసి ముడి బిగింపుడు. ఈ ఉచ్చులోనే తరువాత ఎరను నిలుపు ఈనె ముక్క ఉండును.

రెండవది, గాలమును మొన క్రిందికి ఉండునట్లు ఎడమచేత పట్టుకొనుడు. దారము ఉచ్చు గల కొనను గాలపు కంటిలో, వీపు వైపునుండి మొన వైపునకు దూర్చుడు. వీపనగా మొనకు ఎదుటి ప్రక్క. ఈ కొనయే మన వెండ్రుక. దానిని గాలపు కాడ వెంట పరచి, వంపు దాటి 25 మిల్లీమీటర్లు వ్రేలాడునట్లు లాగి ఉంచుడు.

మూడవది, వెండ్రుకను కాడకు వ్రేలితో నొక్కిపట్టి, దారము రెండవ కొనతో కాడను వెండ్రుకను కలిపి కంటినుండి వంపు వైపునకు 7 లేక 8 చుట్లు చుట్టుడు. చుట్లు ఒకదాని నొకటి ఆని వరుసగా నుండవలెను. ఒకదానిపై నొకటి ఎక్కరాదు.

నాల్గవది, ఆ రెండవ కొనను మరల కంటిలో వీపు వైపునుండియే మొన వైపునకు దూర్చి లాగుడు. ఇక్కడ పొరపడినచో కట్టంతయు వ్యర్థమగును. ఏలయన, వీపు వైపునుండి వచ్చిన దారము లాగబడినపుడు గాలము తిరిగి మొన క్రింది పెదవికి ఎదురగును. మొన వైపునుండి దూర్చినచో గాలము తిరుగదు. ముడిని తడిపి మెల్లగా బిగింపుడు. పొడిగా బిగించినచో దారము రాపిడికి కాలి బలము తగ్గును.

ఈ కట్టులో కంటి దగ్గర ముడియే లేదు, చుట్లే ముడి. ఇక మిగిలిన కొనను తిరుగుడు కడియమునకు కట్టుడు. గాలమునుండి కడియమువరకు ఒక జానెడు దారముండవలెను. అడుగున మెత్తని బురద ఎక్కువగా నున్నచోట ఇంకొక నాలుగు వ్రేళ్ల పొడవు పెంచవచ్చును.

సర్దు విధము

వెండ్రుక గాలము కట్టువారు సామాన్యముగా ఒక్కొక్క ఎరకు ఒక్కొక్క కొలతతో వేరు వేరు గాలములు కట్టుకొందురు. మనకు అంత ఖర్చు అక్కరలేదు. వెండ్రుకను పొడవుగా ఉంచి, కావలసినప్పుడు పొట్టి చేసుకొను ఉపాయము ఇది.

వాల్వు ట్యూబు ముక్కలోనుండి వెండ్రుక ఉచ్చును కొక్కెపు సూదితో లాగుడు. ట్యూబు వెండ్రుకపై పూసవలె ఉండును. పిమ్మట గాలపు మొనను అదే ట్యూబులో దూర్చి, ట్యూబును వంపు మీదుగా కాడ పైకి నెట్టుడు. ఇప్పుడు వెండ్రుక ట్యూబునకు కాడకు నడుమ నొక్కబడి కదలకుండును.

పొట్టి చేయవలసినపుడు ట్యూబును మొన మీదుగా వెలికి తీసి, వెండ్రుకను కాడకు ఒక చుట్టు త్రిప్పి, ట్యూబును మరల ఎక్కింపుడు. గాలపు కాడ లావు సుమారు 1 మిల్లీమీటరు గాన, ఒక్కొక్క చుట్టునకు వెండ్రుక సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గును. 25 మిల్లీమీటర్ల వెండ్రుకకు లెక్క ఇట్లుండును:

రెండు మొక్కజొన్న గింజలకు చుట్టు అక్కరలేదు.
ఒక వేరుశనగ పప్పునకు 1 చుట్టు.
ఒక పెద్ద శనగ గింజకు 2 చుట్లు.
ఒక మొక్కజొన్న గింజకు 3 చుట్లు.

గింజలు చిన్నవి పెద్దవి ఉండును గాన లెక్కకంటె కన్నే ప్రమాణము. ఎరకును గాలపు వంపునకును నడుమ ఒక గోధుమగింజ పొడవు ఖాళీ యుండవలెను. ఎర వంపును తాకినచో మొన కప్పబడి దిగదు. ఖాళీ మరీ ఎక్కువైనచో చేప ఎరను మాత్రమే పీల్చి గాలమును బయటనే విడుచును.

కట్టు సరిగానున్నదో లేదో చూచుటకు సులభమైన పరీక్ష కలదు. గాలమును అరచేతిపై ఉంచి దారమును మెల్లగా లాగుడు. గాలము తనంతట తాను తిరిగి మొన చర్మమును పట్టుకొనబోవలెను. అట్లు కాక జారిపోయినచో ట్యూబును కొంచెము వంపు వైపునకు జరిపి మరల చూడుడు. బలముగా లాగరాదు.

ఎరయు, మేతయు

ఎరకు అంగడికి పోనక్కరలేదు. మొక్కజొన్నలు, శనగలు, వేరుశనగ పప్పులు మన ఇండ్లలోనివే. గింజలను ఒక రాత్రి ఒక పగలు నానవేసి, గోటికి దిగునంతవరకు ఉడికింపవలెను. పొడిగింజలను నీటిలో ఎన్నడును చల్లరాదు. అవి చేప కడుపులో ఉబ్బి హాని చేయును. ఉడికిన గింజలోనికి కొక్కెపు సూదిని దూర్చి, ఉచ్చును పట్టి లాగి, ఉచ్చులో ఈనె ముక్కను అడ్డముగా నిలిపి, గింజను దానిపైకి జరుపుడు.

చుట్టును చల్లుటకు తవుడు రెండు పాళ్లు, గానుగ పిండి ఒక పాలు, కొంచెము బెల్లము నీటితో కలిపి నిమ్మకాయంత ముద్దలు చేయుడు. నాలుగైదు ముద్దలు చాలును. ఎక్కువ వేసినచో చేప కడుపు నిండును, మిగిలిన పిండి క్రుళ్లి నీటిని చెరుపును.

వేయు విధము

పెద్ద దారమును సీసపు గుండు రంధ్రములోనుండి దూర్చి కడియమునకు కట్టుడు. గుండు పైన దారముపై ఒక వాల్వు ట్యూబు ముక్కను పుల్లతో బిగింపుడు. చేప ఎరతో కదలగానే గుండు బరువు తగిలి మొన దిగును. బెదరి పరుగెత్తినకొలది మరింత దిగును. అయితే ట్యూబు మిక్కిలి బిగువుగా నుండరాదు. దారము తెగినపుడు గుండు జారి పడిపోవలెను. లేనిచో చేప ఆ బరువును ఈడ్చుకొని చచ్చును. సీసము విషము గాన గుండును పండ్లతో కొరికి నొక్కరాదు. చేతులు కడుగుకొనక అన్నము తినరాదు.

ఎండకాలమున ఉదయము, సాయంకాలము మంచి వేళలు. తూము దగ్గర, తామరాకుల అంచున, వాగు చెరువులో కలియుచోట వేయుడు. నాచు మిక్కిలిగానున్న కుంటలో వేకువజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచుచుండినచో అది ఆకలి కాదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినది. అప్పుడు గాలము వేయక క్రొత్తనీరు విడుచు మార్గము చూడవలెను. దారమును ఒడ్డున కట్టివేసి ఇంటికి పోరాదు.

చిక్కిన చేపను తడిచేతులతో పట్టుకొనుడు. పొడిచేతికి దాని ఒంటి జిగురు ఊడి రోగము తగులును. అరకిలోకు తక్కువైనదానిని, వానకాలపు ఆరంభమున గ్రుడ్లతో కడుపు నిండినదానిని విడిచివేయుడు. ఎదురుముల్లు అణచినది గాన పెదవినుండి గాలము క్షణములో వచ్చును.

కొన్ని కట్టుబాట్లు

చెరువులోని చేప సంఘము సొత్తు. సంఘమువారి అనుమతి లేక గాలము వేయుట, ఒకని పొలములో కంకులు కోయుటవంటిది. కిన్నెరసాని జలాశయము అభయారణ్యములోనిది. అందు మొసళ్లును గలవు. అటవీశాఖవారి అనుమతి లేక అక్కడ గాలము వేయరాదు. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక చేయుదురు. వరద రోజులలో ఒడ్డునకు పోకుడు. 2022 జూలైలో ఆ నది 71 అడుగులు దాటిన సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

ఒక సభ్యుడు, "అయ్యా, ఒక్కొక్క చేపకు ఇంత శ్రమ ఏల? మడుగులో మందు కలిపిన గంటలో గంపెడు తేలును గదా" అని అడుగవచ్చును. ఆయనకు చెప్పవలసినదిది. మిరపకును ప్రత్తికిని చల్లు మందులలో పలువిధములు చేపకు మిక్కిలి విషములు. ఎండోసల్ఫాన్ అను మందును సుప్రీంకోర్టువారు 2011లో దేశమంతట ఆపించిరి. దానివలెనే చేపను చంపునవి ఇంకను అంగళ్లలో నున్నవి. మడుగులో కలిపిన మందు పెద్ద చేపను పిల్లచేపను, పురుగును నత్తను ఒక్కటిగా చంపును. తేలినది గంపెడు, అడుగున మునిగి క్రుళ్లునది అంతకంటె ఎక్కువ. ఆ నీటినే సాయంకాలము మన ఎడ్లు త్రాగును. ఆ చేపనే మన పిల్లలు తిందురు. తోటాలు ప్రేల్చుటయు, విషము కలుపుటయు 1897 నాటి మత్స్యముల చట్టము ననుసరించి నేరములు. కరెంటు తీగ నీటిలో వేయువాడు చేపతో పాటు తన ప్రాణమును, నీటిలో దిగిన పొరుగువాని ప్రాణమును పణముగా పెట్టుచున్నాడు.

గాలము అట్లు కాదు. అది కూరకు చాలినంత ఇచ్చును, మిగిలిన చెరువును మిగిల్చును. చిన్నదానిని విడుచు అవకాశము మన చేతిలో ఉంచును. ఒక మూరెడు దారము, ఒక వాల్వు ట్యూబు ముక్క, గుప్పెడు జొన్నగింజలు — ఇంతే పెట్టుబడి. సభ్యులు మొదట ఇంటి అరుగుపై కూర్చుండి, గాలపు మొనకు చిన్న బెండు గ్రుచ్చి, లావు దారముతో నాలుగైదు మారులు కట్టి చూచుకొనుడు. చేయి తిరిగిన పిమ్మట సన్నని దారముతో కట్టుడు. ఇంటిలోని కుర్రవాండ్రకు నేర్పుడు. మడుగులో మందు కలుపు ఆలోచన వారికి రాకముందే గాలము వారి చేతికి వచ్చినచో, రాబోవు ఎండకాలమున చెరువునకును సంఘమునకును మేలు కలుగును.